మట్టి దారుల మీద పాత క్యారవాన్: లోపలికి చేరే దుమ్ముపై ఒక సమీక్ష

ఆస్ట్రేలియాలోని దాదాపు 9 లక్షల కిలోమీటర్ల రహదారుల్లో సగానికి పైగా నేటికీ తారు పడనివే కావడం వల్ల, ఆ ఖండపు లోతట్టు ప్రాంతాలను చూడాలనుకునేవారు ఏదో ఒక మజిలీలో మట్టి దారి పట్టక తప్పదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని మారీ నుంచి క్వీన్స్‌లాండ్ సరిహద్దు దాటగానే వచ్చే బర్డ్స్‌విల్ వరకు 500 కిలోమీటర్లకు పైగా సాగే బర్డ్స్‌విల్ ట్రాక్, అదే మారీ నుంచి వాయవ్యంగా మార్లా వరకు 600 కిలోమీటర్లకు పైగా నడిచే ఊడ్నదత్తా ట్రాక్, పశ్చిమాన కింబర్లీ ప్రాంతం గుండా వెళ్లే సుమారు 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు ఇందులో పేరెన్నికగన్నవి. వీటిలో మొదటిదీ చివరిదీ పశువుల మందల తరలింపు కోసం ఏర్పడగా, రెండోది పాత ఘాన్ రైలు మార్గాన్ని అనుసరించి పుట్టింది. ఇప్పుడు ఈ దారుల మీద మందల కంటే ఎక్కువగా కనిపించేది, ఉద్యోగ విరమణ తరువాత నెలల తరబడి దేశం చుట్టి వచ్చే వృద్ధ దంపతులే. అక్కడివారు వీరిని గ్రే నోమాడ్‌లు, అంటే తల నెరిసిన సంచారులు, అని పిలుస్తారు. వీరి బండ్ల వెనుక ఉండే క్యారవాన్ గురించే ఈ చర్చ.

తెలుగు పాఠకులకు క్యారవాన్ అనగానే సినిమా షూటింగుల దగ్గర తారల విశ్రాంతికి నిలిపే బస్సు స్ఫురిస్తుంది గాని, ఇక్కడ చెప్పుకుంటున్నది సొంత ఇంజిను లేకుండా, జీపు వంటి బండికి తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. 1970, 1980 దశకాల్లో వైకౌంట్, మిల్లార్డ్, ఫ్రాంక్లిన్, జేకో వంటి పేర్లతో వెలువడిన ఇటువంటి ఇళ్లు నేటికీ వేల సంఖ్యలో చేతులు మారుతూనే ఉన్నాయి. ఉక్కు ఛాసిస్ మీద ప్లైవుడ్ నేల, దాని మీద సన్నని కర్రల చట్రం, ఆ చట్రానికి బయట పల్చటి అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్ పలక, మూలల్లో స్క్రూలతో బిగించిన అల్యూమినియం పట్టీ, ఆ పట్టీ కింద త్వరగా ఎండిపోని మస్తిక్ బంక: ఆ కాలపు నిర్మాణ పద్ధతి సాధారణంగా ఇదే. నలభై యాభై ఏళ్లు గడిచేసరికి ఆ బంక గట్టిపడి పగుళ్లు తీస్తుంది, కర్రలోని స్క్రూలు పట్టు వదులుతాయి, తలుపు వంకర తిరుగుతుంది. తారు రోడ్డు మీద సముద్రతీరపు విడిదికి వెళ్లి రావడానికి సరిపోయే ఈ నిర్మాణాన్ని మట్టి దారికి ఎక్కించినప్పుడు, సాయంత్రం తలుపు తీసేసరికి పరుపు మీద, గిన్నెల్లో, మూసిన అల్మరాలో సైతం ఎర్రటి పొర పేరుకుని ఉంటుంది. ఈ పొర ఎలా చేరుతుందన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరికితే తప్ప దాన్ని ఆపే ఉపాయాల విలువ కట్టడం సాధ్యం కాదు. ఈ విషయంలో వ్యాపించి ఉన్న సలహాల్లో చాలావరకు ఆ ప్రశ్నను దాటవేసి నేరుగా సీలెంట్ ట్యూబు చేతికి ఇచ్చేవే.

మట్టి దారి నుంచి లేచే దుమ్ములో పెద్ద ఇసుక రేణువులు సమస్య కావు. గాలి కదలిక లేనిచోట 100 మైక్రాన్ల రేణువు, అంటే మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం గలది, సెకనుకు అర మీటరుకు పైగా కిందికి జారి వెంటనే నేలకు చేరుతుంది. రేణువు వ్యాసం తగ్గేకొద్దీ అది దిగే వేగం వ్యాసపు వర్గాన్ని అనుసరించి పడిపోతుంది గనుక, 10 మైక్రాన్ల రేణువు సెకనుకు 8 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే దిగుతూ రెండు మీటర్ల ఎత్తు నుంచి నేల చేరడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. ఒక మైక్రాను రేణువుకైతే అదే ప్రయాణం ఆరేడు గంటల పని. రోడ్డు మట్టిలో 75 మైక్రాన్ల జల్లెడ గుండా పోయే సన్నని భాగం ఎంత ఉంటే, తేమ ఎంత తగ్గితే, బండి వేగం ఎంత పెరిగితే దుమ్ము అంతగా లేస్తుందని రహదారి ఇంజినీర్లు చాలాకాలంగా గుర్తించిన విషయం. లోతట్టు ప్రాంతాల్లో బుల్‌డస్ట్ అని పిలిచే పదార్థం ఇందులో పరాకాష్ట: బండ్ల చక్రాల కింద నలిగి నలిగి పిండిగా మారిన ఈ మట్టి గుంతలను అంచుల దాకా నింపి, చదునైన దారిలా భ్రమ కల్పించి, చక్రం దిగగానే నీటిలా చిమ్ముతుంది. ఇంత సన్నని రేణువులు గాలితో పాటు ఎక్కడికైనా పోగలవు. గాలి పోని చోటికి మాత్రం పోలేవు. కనుక దుమ్మును గురించిన ప్రశ్న నిజానికి గాలిని గురించిన ప్రశ్న.

నడిచే బండి చుట్టూ గాలి పీడనం అంతటా ఒకేలా ఉండదు. ముందు గోడకు గాలి ఢీకొనడం వల్ల అక్కడ పీడనం పెరుగుతుంది. పైకప్పు ముందు అంచు దాటగానే, పక్క గోడల మీద, వెనుక గోడ వెంట అది చుట్టూ ఉన్న వాతావరణ పీడనం కంటే తగ్గుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలి తాకిడి వల్ల పుట్టే పీడనం దాదాపు 300 పాస్కల్‌లు కాగా, పెట్టె ఆకారపు బండి వెనుక ఏర్పడే లోటు అందులో పదో వంతు నుంచి నాలుగో వంతు వరకు ఉండవచ్చు. పల్లెవెలుగు బస్సు మట్టి రోడ్డెక్కినప్పుడు వెనుక సీట్లవారే ఎక్కువగా దుమ్ము కొట్టుకుపోవడానికి కారణం ఈ లోటే. క్యారవాన్‌లో ఇదే సూత్రం మరికొంత వంకరగా పనిచేస్తుంది: పైకప్పు మీది జాలీలు, వెనుక గోడలోని సందులు తక్కువ పీడనపు ప్రాంతంలో ఉండడం వల్ల లోపలి గాలిని నిరంతరం బయటికి లాగుతాయి, ఆ వెలితిని పూడ్చడానికి పీడనం అంతగా తగ్గని చోటు నుంచి, అంటే నేల అడుగు నుంచి, చక్రాల గూళ్ల నుంచి, ముందు గోడ కింది భాగం నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. లాగే బండి చక్రాలూ, క్యారవాన్ సొంత చక్రాలూ లేపిన దుమ్ము దట్టంగా ఆవరించి ఉండేది సరిగ్గా అక్కడే.

ఇందులోని పరిమాణం తెలియడానికి ఒక చిన్న లెక్క సరిపోతుంది. సందుకు ఇరువైపులా 50 పాస్కల్‌ల తేడా ఉంటే గాలి అందులో నుంచి సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో దూసుకువస్తుంది. ఒక చదరపు సెంటీమీటరు రంధ్రం, అంటే మిల్లీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు గల చీలిక, సంకోచం వల్ల కలిగే తరుగు తీసివేసిన తరువాత కూడా గంటకు దాదాపు రెండు ఘనపు మీటర్ల గాలిని లోపలికి చేరవేస్తుంది. ఐదు మీటర్ల పొడవున్న క్యారవాన్ లోపలి ఖాళీ 22 ఘనపు మీటర్లకు అటూ ఇటూ గనుక, అటువంటి చీలికలు పదకొండు ఉంటే గంటలో బండి లోపలి గాలంతా ఒకసారి మారిపోయి, దాని స్థానంలో నేల అడుగు గాలి నిండుతుంది. పాత క్యారవాన్‌లో చీలికలు పదకొండుతో ఆగవన్నది దాన్ని ఒకసారి కింద దూరి చూసినవారికి తెలుస్తుంది. దుమ్ము దానంతట అది దూరడం లేదు, బండే దాన్ని పీల్చుకుంటున్నది అన్న ఈ వాస్తవం నుంచి వెంటనే తేలే మరో సంగతి ఏమిటంటే, వర్షపు నీటికి కురవని బండి దుమ్ముకు కూడా గట్టిదై ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. నీరు పైనుంచి బరువు వల్ల దిగుతుంది, దుమ్ము కిందినుంచి పీడనం వల్ల ఎక్కుతుంది. పైకప్పు అతుకులకు వేలు పోసి బాగుచేయించిన బండి అడుగున అరచేయంత రంధ్రం ఉండడం అరుదేమీ కాదు.

దీనికి దారి గతుకులు తోడవుతాయి. మట్టి దారి మీద అడ్డంగా, దాదాపు సమాన దూరాల్లో ఏర్పడే గతుకుల వరుసలను గురించి కీత్ మేథర్ 1963లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసం ఆ విషయంలో తొలి సమగ్ర వివరణల్లో ఒకటి. 2007లో టాబర్లే, మోరిస్, మెకెల్వేన్ ప్రకటించిన ప్రయోగాలు, బండికి స్ప్రింగులు లేకపోయినా, ఒక పరిమిత వేగం దాటిన ఏ చక్రమైనా వదులు మట్టిలో ఈ అలలను పుట్టించగలదని చూపించాయి. ఆ పరిమితి బండ్లు మామూలుగా నడిచే వేగం కంటే చాలా తక్కువ గనుక, బండ్లు తిరిగినంత కాలం గతుకులు తప్పవు. ఇటువంటి దారి మీద గంటల తరబడి అదిరే కర్రల చట్రం వంగుతూ, మెలి తిరుగుతూ ఉంటుంది. నిలిపి ఉంచినప్పుడు కాగితం దూరనంత బిగువుగా కనిపించే అతుకు నడకలో క్షణానికోసారి తెరుచుకుని మూసుకుంటుంది. ఇంటి ముందు నిలిపిన బండిని పరీక్షించి సందులన్నీ మూసేశామనుకోవడంలోని లోపం ఇదే.

దుమ్మును ఆపడానికి మూడు మార్గాలున్నాయి. మొదటి మార్గం, అందరూ ముందుగా పట్టుకునేది, రంధ్రాలు మూయడం. ఇందులో శ్రమకు తగిన ఫలం దక్కేది ఎక్కువగా నేల అడుగునే. నీటి గొట్టాలు, గ్యాసు గొట్టం, విద్యుత్ తీగలు నేలను దాటే చోట్ల, తయారీ సమయంలో గొట్టం కంటే రెండింతలు పెద్ద రంధ్రం కోసి వదిలివేయడం పాత పద్ధతి. తరువాతి యజమానులు తమ వంతుగా మరికొన్ని కోసి ఉంటారు. వీటన్నింటికీ పైనుంచి కాక కిందినుంచి మూత వేయడమే సరైనది, ఎందుకంటే పైన మాత్రమే మూస్తే దుమ్ము ప్లైవుడ్ పొరల్లోకీ గోడల మధ్య ఖాళీలోకీ చేరి, అక్కడి నుంచి అల్మరాల్లోకి మరో దారి వెతుక్కుంటుంది. చక్రాల గూళ్లు ఇంకా తీవ్రమైనవి: టైరు విసిరే గులకరాళ్ల దెబ్బకు గూడు రేకు లేదా ప్లైవుడ్ పలక నేలతో కలిసే అంచు విడిపోతుంది, ఆ గూడు పైభాగం సాధారణంగా మంచం కింద గాని అల్మరా వెనుక గాని ఉండి కంటికి కనిపించదు. ముందు వైపున ఉండే సామాను అర మూత లాగే బండి చిమ్మే దుమ్ముకు ఎదురుగా నిలుస్తుంది; దాని వెనుక గోడ మంచం కిందికి తెరిచి ఉంటే ఆ ఒక్క దారే మిగతా అన్నింటికీ సమానం.

సలహాదారులు తరచు మరిచిపోయే దారి సింకు. ఇంటి సింకు కింద నీరు నిలిచి దుర్వాసనను ఆపే వంపు గొట్టం ఉంటుంది గాని, పాత క్యారవాన్‌లో సింకు గొట్టం చాలా సందర్భాల్లో తిన్నగా నేల అడుగున తెరుచుకుంటుంది. బండి కదులుతున్నంతసేపూ ఆ గొట్టం దుమ్మును నేరుగా వంటగదిలోకి పీలుస్తుంది. సింకుకూ స్నానపు గది నేల తూముకూ రబ్బరు బిరడాలు పెట్టడం దీనికి నివారణ, ఖర్చు నామమాత్రం. నీటి ట్యాంకుకు గాలి అందించే సన్న గొట్టం నోరు కింద, చక్రం సమీపంలో ఉంటే తాగే నీటిలోకే మట్టి చేరుతుంది; దాని కొసను పైకి తీసుకుపోయి తలకిందులుగా వంచితే చాలు.

ఫ్రిజ్ విషయం కొంత వివరణ కోరుతుంది. పాత క్యారవాన్లలో గ్యాసు మీదా, బ్యాటరీ మీదా, ఇంటి కరెంటు మీదా నడవగల శోషణ రకం ఫ్రిజ్‌లు ఉండేవి. కంప్రెసర్ లేకుండా వేడి సాయంతో చల్లదనం పుట్టించే ఈ యంత్రానికి వెనుక వేడి బయటికి పోవడానికి పక్క గోడలో కింద ఒకటి, పైన ఒకటి జాలీలు అమర్చుతారు. ఫ్రిజ్ వెనుక గది బండి లోపలి భాగం నుంచి పూర్తిగా వేరై ఉండాలన్నది నియమం. దుమ్ము కోసమే కాదు, గ్యాసు మంట నుంచి వెలువడే విషవాయువు నిద్రించే గదిలోకి రాకుండా ఉండడం కోసం కూడా ఇది అవసరం. వాస్తవంలో ఫ్రిజ్ అంచు చుట్టూ వేలు దూరే ఖాళీ వదిలిన బండ్లు తక్కువ కాదు. ఆ ఖాళీని రేకుతో, వేడిని తట్టుకునే సీలెంట్‌తో మూయడం ఒకే పనితో రెండు ప్రయోజనాలు సాధిస్తుంది గనుక, మరమ్మతుల జాబితాలో దీన్ని మొదటి మూడింటిలో చేర్చడం న్యాయం. ఫ్రిజ్‌ను గ్యాసు అవసరం లేని కంప్రెసర్ రకానికి మార్చినవారు, తయారీదారు సూచనలు అనుమతించినంత మేరకు, ఆ జాలీలను మూసివేయవచ్చు.

తలుపులు, కిటికీల గురించి చెప్పవలసింది తక్కువే. మధ్యలో ఒకే గడియ ఉన్న పాత తలుపు పై మూల, కింది మూల బయటికి వంగుతాయి. అంచులో కాగితపు ముక్క పెట్టి తలుపు మూసి లాగినప్పుడు అది తేలికగా జారివస్తే అక్కడ రబ్బరు నొక్కుడు లేదని అర్థం. రబ్బరు పట్టీని ఎంచేటప్పుడు స్పాంజిలా గాలిని పీల్చే రకాన్ని విడిచి, గదులు మూసుకుపోయిన నురగ రబ్బరును లేదా గొట్టంలా బోలుగా ఉన్న పట్టీని తీసుకోవాలి. మరీ మందంగా ఉన్నది పెడితే కీలు వైపు తలుపు ఎగదన్ని గడియ వైపు కొత్త సందు పుడుతుంది. ఐరోపా తరహా అక్రిలిక్ కిటికీల గడియలకు రెండు స్థానాలు ఉంటాయి: ఒకటి పూర్తి మూత, రెండోది గాలి కోసం కాస్త వదిలిన స్థానం. చాలామంది తెలియక రెండోదానిలో ఉంచి ప్రయాణిస్తారు. పైకప్పు పైకి లేచే పాప్‌టాప్ రకం బండ్లలో, కప్పు కింది అంచుకూ గోడకూ మధ్య ఉన్న రబ్బరు అరిగితే మధ్యనున్న గుడ్డ గోడ దుమ్మును ఏమాత్రం ఆపలేదు.

సందు ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. రాత్రివేళ లోపల అన్ని దీపాలూ వెలిగించి అల్మరాల తలుపులు తెరిచి ఉంచి, బయట అడుగున పడుకుని వెలుతురు కనిపించే చోట్ల సుద్ద గీత పెట్టడం మొదటిది. సులభమైనదే గాని వంకర దారులను పట్టుకోలేదు. పైకప్పు కిటికీలో ఫ్యాను బిగించి లోపలికి గాలి ఊది, బయట అతుకుల మీద సబ్బు నీరు చల్లి బుడగల కోసం చూడడం రెండోది. సన్నని చీలికలను సైతం ఇది చూపిస్తుంది. మూడోది ఏ పరికరమూ అక్కరలేనిది, బహుశా అన్నింటికంటే నమ్మదగినది: మట్టి దారి ప్రయాణం ముగిసిన సాయంత్రం, తుడవడానికి ముందే, అల్మరాల అడుగున దుమ్ము ఏ ఆకారంలో పరుచుకుందో చూడడం. దూసుకొచ్చిన గాలి సందు దగ్గర సన్నగా మొదలై విసనకర్రలా విచ్చుకున్న చార వదులుతుంది, దాని మొన సందును వేలెత్తి చూపుతుంది. బండి నిలిచి ఉన్నప్పుడు తెరుచుకోని అతుకులను కూడా పట్టించేది ఈ మూడో పద్ధతి ఒక్కటే. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే అలవాటు ఇక్కడ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది.

మూయడానికి వాడే పదార్థాల్లో పొరపాట్లు ఎక్కువ. సిలికాన్ సీలెంట్ చవక, ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది; కాని దాని శేషం మీద మరే పదార్థమూ, చివరికి కొత్త సిలికాన్ కూడా సరిగా అంటుకోదు, వెనిగర్ వాసన వేసే రకమైతే లోహాన్ని తినేస్తుంది. శాశ్వతంగా అంటిపెట్టుకోవలసిన చోట, అంటే చక్రాల గూడు అంచుల్లో, నేల అడుగు అతుకుల్లో, సాగే గుణం ఉన్న పాలీయురేథేన్ సీలెంట్ తగినది. మళ్లీ విప్పవలసిన కిటికీ చట్రం, మూల పట్టీ, జాలీ వంటి చోట్ల ఎన్నటికీ గట్టిపడని బ్యూటైల్ మస్తిక్ పట్టీ తగినది. వీటిని తారుమారు చేస్తే మొదటి చోట సీలు ఊడుతుంది, రెండో చోట కిటికీ విప్పబోతే రేకు చిరుగుతుంది. ఉబ్బే నురగ డబ్బా ఎంత ఆకర్షణీయంగా కనిపించినా పాత బండికి అది చెరుపే: అదురుకు పగులుతుంది, పగిలిన నురగ నీటిని పట్టి ఉంచి పక్కనున్న కర్రను కుళ్లబెడుతుంది, తరువాత వచ్చే మరమ్మతుదారుకు దాన్ని తవ్వి తీయడం నరకం. ఏది వాడినా ముందు అక్కడి పాత దుమ్మును పూర్తిగా కడిగి ఆరబెట్టకపోతే సీలెంట్ అంటుకునేది రేకుకు కాదు, దుమ్ము పొరకు. చాలా పాత బండ్లలో పొయ్యి వెనుక పలకలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున, అనుమానం కలిగిన పలకను కోయడం, రంధ్రం వేయడం మానుకుని ముందు పరీక్ష చేయించాలి. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్‌పై పూర్తి నిషేధం అమల్లోకి వచ్చింది 2003 డిసెంబరు 31న మాత్రమే.

మూయడమే పరమార్థమనే వాదానికి అసలైన అడ్డంకి గ్యాసు జాలీల దగ్గర ఎదురవుతుంది. లోపల గ్యాసు పొయ్యి ఉన్న క్యారవాన్‌కు ఎత్తులో ఒకటి, నేలకు దగ్గరగా ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండే గాలి మార్గాలు ఉండాలని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల ఉమ్మడి ప్రమాణం ఏఎస్/ఎన్‌జెడ్ఎస్ 5601.2 కోరుతుంది. ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువైనది గనుక కారిన గ్యాసు నేల మీద పరుచుకుని కింది జాలీ గుండా పోవాలి. మంటకు కావలసిన గాలి లోపలికి రావాలి, కాలిన వాయువు పై జాలీ గుండా వెళ్లాలి. తలుపు కింది భాగంలో కనిపించే ఆ జాలీయే దుమ్ముకు రాజద్వారం కావడం విచారకరమే, అయినా దాన్ని శాశ్వతంగా మూసేయమని చెప్పే సలహా ప్రాణాంతకం, నిబంధనలకు విరుద్ధం. సిలిండర్ వాల్వు కట్టేసి, ప్రయాణించే సమయానికి మాత్రమే, కొట్టొచ్చినట్టు కనిపించే రంగు టేపుతో గాని అయస్కాంతపు మూతతో గాని దాన్ని కప్పి, మజిలీ చేరగానే తీసివేసే అలవాటు విస్తృతంగా ఉంది. ఆ అలవాటు మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడినదని, అలసిన సాయంత్రాల్లో జ్ఞాపకశక్తి నమ్మదగినది కాదని గుర్తుంచుకోవాలి. మూయరాని రంధ్రం ఉన్న ఇంట్లో దుమ్మును ఆపాలంటే ఆ రంధ్రం గుండా గాలి లోపలికి కాక బయటికి పోయేలా చేయడమే మిగిలిన దారి.

రెండో మార్గమైన లోపలి పీడనం పెంపు అవసరమయ్యేది ఇక్కడే. పైకప్పు మీద, దుమ్ము పలచగా ఉండే ఎత్తులో, ముందుకు తెరుచుకునే నోరు ఒకటి అమర్చితే ఎదురుగాలి అందులోకి దూరి లోపలి పీడనాన్ని బయటి కంటే పెంచుతుంది. అప్పుడు కింది సందులన్నీ లోపలి గాలిని బయటికి ఊదుతాయి. పైకప్పు కిటికీ ముందు అంచును కాస్త ఎత్తి ప్రయాణించడం ఈ సూత్రానికి పాత, ఖర్చులేని రూపం. ఎదురుగాలికి కిటికీ మూత విరిగి ఎగిరిపోవడం దాని ప్రమాదం. అదే కిటికీని వెనుక వైపు తెరిచి ఉంచితే ఫలితం తలకిందులై, బండి మరింత దుమ్మును పీలుస్తుంది. డొమెటిక్ వంటి కంపెనీలు వడపోత నురగతో, మూసుకునే మూతతో ఇందుకోసమే ప్రత్యేకమైన పెట్టెలు అమ్ముతున్నాయి. ఫ్యాను లేని ఈ పరికరాలు బండి వేగం తగ్గితే పనిచేయవన్న విమర్శ పూర్తిగా సరైనది కాదు. లోపలికి నెట్టే పీడనమూ బయటికి పీల్చే లోటూ రెండూ వేగపు వర్గాన్ని అనుసరించే పెరిగి తరుగుతాయి గనుక వాటి మధ్య నిష్పత్తి మారదు. వెనుక నుంచి బండి వేగంతోనే గాలి వీచేటప్పుడు మాత్రం రెండూ మాయమై, దుమ్ము మేఘం బండితో పాటే ప్రయాణిస్తుంది. ఆ సమయంలో బ్యాటరీతో నడిచే ఫ్యాను ఉన్నవారిదే పైచేయి.

ఈ మార్గానికి అసలు పరిమితి వేరే ఉంది. స్థూలంగా లెక్కిస్తే, గాలి తెచ్చే నోటి వైశాల్యం మిగిలిన సందుల మొత్తం వైశాల్యంలో సగానికి తగ్గితే లోపలి పీడనం బయటి వాతావరణాన్ని దాటడమే కష్టం. వడపోత నురగ దుమ్ముతో నిండేకొద్దీ ఆ నోరు ఇంకా ఇరుకవుతుంది. అడుగంతా చిల్లులున్న బండి పైకప్పు మీద ఖరీదైన పెట్టె బిగించి ఫలితం లేదని నిరాశపడేవారి కథ ఇదే. దానికి తోడు, ముందు గోడ మీద బయటి పీడనమే ఎక్కువ గనుక అక్కడి సందులను లోపలి పీడనం కాపాడలేదు. వాటిని చేత్తో మూయవలసిందే. ఎదురుగా వచ్చే బండి దుమ్ము పైకప్పు ఎత్తును కూడా ముంచెత్తుతుంది గనుక ఆ కాసేపు నోరు మూయగలిగే వీలుండడం మేలు.

నడిపే తీరు మూడో మార్గం. నెమ్మదిగా వెళితే దుమ్ము తక్కువన్నది నిజమే గాని, అందుకు సాధారణంగా చెప్పే కారణం సగమే సరైనది. సందులో గాలి వేగం బండి వేగానికి అనుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే గంటకు చేరే గాలి సగమవుతుంది, అయితే ప్రయాణం రెండింతల సేపు సాగుతుంది, కనుక కిలోమీటరుకు లోపలికి వచ్చే గాలి మారదు. లాభమంతా ఆ గాలిలో దుమ్ము పలచబడడంలో, బండి అదురు తగ్గి అతుకులు తక్కువగా తెరుచుకోవడంలో ఉంది. టైర్లలో గాలి కొంత తగ్గించడం కూడా అదురును తగ్గించేదే. ముందు బండి లేపిన దుమ్ములోనే నడవడం కంటే పక్కన ఆగి టీ కాచుకోవడం తెలివైన పని, ఎందుకంటే 10 మైక్రాన్ల రేణువులు నేల చేరడానికి నిమిషాలు పడుతుంది. 53.5 మీటర్ల పొడవు దాకా ఉండే రోడ్ ట్రెయిన్ లారీ ఎదురైతే దారి దిగి పూర్తిగా ఆగిపోవడం దుమ్ము దృష్ట్యానే కాదు, ప్రాణం దృష్ట్యా కూడా తప్పనిసరి. నిలిచిన బండిలో పీల్చుడు దాదాపు ఉండదన్నది అదనపు లాభం.

ఇవన్నీ చేసిన తరువాతా కొంత దుమ్ము చేరుతుంది. పరుపుల మీద దుప్పటి కప్పి, బట్టలను జిప్పు సంచుల్లో, గిన్నెలను మూత డబ్బాల్లో పెట్టుకునే పాతకాలపు జాగ్రత్త ఇప్పటికీ దేనికీ తీసిపోదు. చేరిన దుమ్మును పొడి చీపురుతో ఊడిస్తే అందులోని సన్నని సిలికా రేణువులు మళ్లీ గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి గనుక తడిబట్టతో తుడవడమే మంచిది.

ఈ మార్గాల్లో ఏదో ఒకటే గొప్పదని వాదించేవారు అందరూ అర్ధసత్యమే చెబుతున్నారు. వీటి మధ్య తేడా ప్రధానంగా వరుసలో ఉంది: ముందు నేల అడుగు, చక్రాల గూళ్లు, ఫ్రిజ్ వెనుక గది, ముందు గోడ మూయాలి; తరువాత సింకు బిరడాలు, తలుపు రబ్బరు; ఆ పైన మాత్రమే పైకప్పు మీద గాలి నోరు. వరుస తప్పితే ఖర్చు పెరుగుతుంది, ఫలితం తగ్గుతుంది. కర్రల చట్రమే కుళ్లిన బండి విషయంలో ఈ పనులేవీ గిట్టుబాటు కావు. దాన్ని తారు రోడ్డుకే పరిమితం చేయడం ఉత్తమం.